జపమాల మీద గొంగళిపురుగులు

వాసో పున్నమి దాటి వానాకాలపు దీక్ష మొదలైందంటే చాలు, మా పక్కింటి ఓన్ న్యున్ అక్క పిట్టలకు శీలం బోధించడం మొదలుపెట్టేది. వేళాకోళానికి అంటున్న మాట కాదు. తెల్లవారి భిక్షువుల పాత్రల్లో అన్నం వేసి వచ్చాక, మిగిలిన అన్నం ఇత్తడి గిన్నెలో తెచ్చి పెరట్లో తెల్లతుమ్మ కింద ఉన్న చపటా రాయి మీద పరిచేది. పిచ్చుకలు, జీనువాయిలు, గువ్వలు ముందు దిగేవి. మా పొదల్లో ఆరేడు కలిసి ఒకే గుంపుగా తిరిగే తెల్లమెడ పిట్టలు ఆఖర్న గెంతుకుంటూ వచ్చి రెండు మెతుకులు నోట వేసుకునేవి. అవి తింటున్నంతసేపూ ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, బడి పంతులమ్మ మాదిరిగా, కడుపునిండా తినమనీ, ఈ మూడు నెలలూ ఎవరినీ చంపవద్దనీ, పురుగుకూ ప్రాణం తీపేననీ చెప్పేది.

అన్నం పెట్టేది ఆకలి తీర్చడానికి మాత్రమే కాదు. అన్నం దొరికితే పిట్ట పురుగును చంపదు, చంపకపోతే దానికి పాపం తగలదు, పాపం తగలకపోతే వచ్చే జన్మలో మంచి పుట్టుక పుడుతుంది. ఇది ఆమె లెక్క. మా తనాంగ్‌గోన్‌లో ఇంత దూరం ఆలోచించిన మనిషి ఇంకొకరు లేరు.

ఉపదేశం అయ్యాక, ఆ అన్నం పెట్టిన పుణ్యాన్ని చనిపోయిన మొగుడి పేరు చెప్పి పంచేది. పుణ్యం పంచినప్పుడు పక్కనున్నవాళ్లు మూడుసార్లు సాధు అనాలి. పక్కనున్నదాన్ని నేను. తాటిబెల్లం పెనం ముందు కూర్చుని, పొయ్యిలోకి మట్టలు తోస్తూ, పొగకు కళ్లు మండుతుంటే కంచె అవతలి నుంచి సాధు, సాధు, సాధు అనేదాన్ని. ఒక్కోరోజు విసుగు పుట్టి రెండుసార్లతో ఆపేస్తే, మూడోది వినపడేదాకా గిన్నె పట్టుకుని అక్కడే నిలబడేది. ఆ మాట మంచిపని చేసినవాళ్లు అనేది కాదు, చూసి సంతోషించినవాళ్లు అనేది. అందువల్ల ముప్పై ఏళ్లూ అది నా వంతే అయింది.

ఆమె పుట్టిందీ, పెళ్లాడిందీ, మొగుణ్ని పోగొట్టుకుందీ ఈ ఊళ్లోనే. పకొక్కూ సంతకు తప్ప పొలిమేర దాటింది లేదు. ఊళ్లో అందరూ ఆమె పేరు ముందు గౌరవంగా 'డా' చేర్చేవాళ్లు, అలా పిలవనిది అక్కా అనే నేనూ, వదినా అనే మరిదీ. ఆమె మొగుడు కో హ్లా జో తాడిచెట్లు ఎక్కేవాడు. చెట్లకు పని లేని నెలల్లో రావిపాలు కాచి జిగురు చేసి, నువ్వుకట్టెలకు పూసి, కోసిన చేలల్లో గుచ్చి జీనువాయిల్ని పట్టేవాడు. వాటిని గోపురం మెట్ల దగ్గర అమ్మేవాళ్లకు ఇచ్చేవాడు. పుణ్యం కోసం పిట్టల్ని కొని గాల్లోకి వదిలే భక్తులు అక్కడ ఎప్పుడూ ఉంటారు. బుట్టలో వంద పిట్టల్ని పెడితే మెట్ల దాకా బతికి చేరేవి అరవై. చచ్చిన నలభై పిట్టల్నీ బుట్ట అడుగు నుంచి ఏరి పారేసే పని ఓన్ న్యున్ అక్కది.

ఒక ఎండాకాలం కో హ్లా జో చెట్టు మీది నుంచి పడ్డాడు. మూడు రోజులు మూలిగి పోయాడు. అది పిట్టల ఉసురని ఆమె నమ్మింది. తాడిచెట్టు మీది నుంచి మా చుట్టుపక్కల ఏడాదికి ఒకరు పడుతూనే ఉంటారు. మా తమ్ముడూ పడ్డాడు, వాడు ఏనాడూ పిట్టను పట్టిన పాపాన పోలేదు. ఈ మాట ఆమెతో ఎన్నిసార్లు అన్నానో. వినేది, తల ఊపేది, మర్నాడు మళ్లీ ఇత్తడి గిన్నెతో వచ్చేది.

ఆమె మీద ఎంత విసుక్కున్నా, చలికాలంలో రేగుపళ్లకు ఆమె వెంట పొదల్లోకి వెళ్లడమంటే నాకు ప్రాణం. అందరూ నేల చూసి నడిస్తే ఆమె కొమ్మలు చూసి నడిచేది. పిగిలిపిట్ట పొడిచి వదిలేసిన పండు ఉన్న చెట్టుకు వెళ్లేది కాదు, గింజ దాకా తిన్న చెట్టు దగ్గరే బుట్ట దించేది. ఆ చెట్టు పండు తప్పకుండా తియ్యగా ఉండేది. నువ్వుచేలు కోశాక జీనువాయిలు ఎక్కడ వాలాయో చూసి, మేకలకు గింజగడ్డి ఎక్కడ దొరుకుతుందో చెప్పేది. బూరుగు పూసే రోజుల్లో ఆకు లేని కొమ్మల మీది ఎర్రపూలలోకి గోరువంకలు ముక్కులు ముంచి, నుదుట పుప్పొడి పూసుకుని వచ్చేవి. చెంపలకు తనాఖా బెరడు గంధం పూసుకున్న పెళ్లికూతుళ్లు వచ్చారే అని ఆమె నవ్వేది.

ఎండలు ముదిరి వాగు ఇసుక మిగిలినప్పుడు తేనెపిట్టలు మా తాటి ముంతల అంచుల మీద దాహం తీర్చుకునేవి. నాగజెముడు పళ్లు పండితే పిట్టల రెట్టలు కూడా ఎర్రగా పడేవి. రాయి మీద ఆ ఎర్రటి మరక చూసి, ఏ పిట్ట వేసిందో, అది ఏ దిక్కు నుంచి వచ్చిందో లెక్క వేసి, జెముడు ఎక్కడ పండిందో ఆమె చెప్పేది. నేను వెళ్లి చూస్తే పళ్లు ఉండేవి. అలాంటప్పుడు నా ఒళ్లు జలదరించేది, అబద్ధం ఎందుకు. ముళ్లూ రాళ్లూ తప్ప ఏమీ లేదని మేమంతా తిట్టుకునే ఈ నేల మీద పన్నెండు నెలలూ ఎక్కడో ఒకచోట పిట్టలకు వంట అవుతూనే ఉంటుందని నాకు చూపించింది ఆమే.

ఇన్ని తెలిసిన మనిషి వానలు పడ్డాక మాత్రం కళ్లు మూసుకునేది. ఉసుళ్లు లేచిన సాయంత్రం ఊరంతా ఆకాశం వైపు తలలెత్తి చూస్తుంటే, పిచ్చుకలూ పసిరిక పిట్టలూ గాల్లోనే వాటిని అందుకుంటుంటే, ఆమె ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకునేది. నువ్వుచేలో పచ్చపురుగును నోట కరుచుకున్న పిట్ట ఎదురైతే ముఖం తిప్పుకునేది. అది కూడా తన రాయి మీద తిని వెళ్లిన పిట్టే అయితే ఆ రోజంతా ఆమెకు అలకే.

ఊరికి చేతిపంపు వేసిన ఏడు ఇది జరిగింది. వాసో పున్నమి వెళ్లి వారమైంది. ఆమె ఎప్పటిలాగే మూడు నెలలకూ ఎనిమిది శీలాలు తీసుకుంది. ప్రాణం తీయకూడదు, మధ్యాహ్నం దాటాక ముద్ద ముట్టకూడదు, తక్కినవి తక్కినవి. ఆమె పెరటికీ నా పాకకూ నడుమ రేగుకంప కంచె ఉంది. అదే సాగి వెళ్లి ఆమె నువ్వుచేనును చుట్టుకుంటుంది. పాత కంప ఎండి కుంగింది, మేకలు దూరుతున్నాయి. కొత్త కంప కొట్టి పెట్టమని మరిది ఊ తున్ పేకు చెప్పింది. అతను పొద్దున్నే వచ్చి, కొక్కెం తగిలించి పాత కంపను మోపులు మోపులుగా లాగడం మొదలుపెట్టాడు. సగం కంచె లాగేసరికి తెల్లమెడ పిట్టలు ఒక్కసారిగా గోల ఎత్తాయి. నేను పెనం వదిలి వెళ్లి చూశాను. కంప మధ్యలో ఉన్న గూడు ఊడి నేల మీద బోర్లా పడి ఉంది. మూడు పిల్లలు. ఒకటి అప్పటికే పోయింది. మిగిలిన రెంటికీ ఇంకా ఈకలు సరిగా రాలేదు. ఒకదాని కాలివేలు కంపలో ఇరుక్కుని పక్కకు వంగిపోయింది.

అక్క వచ్చి చూసింది. ఆ ముఖం నేను మరిచిపోలేను. దీక్షలో, తన నోటి మాట మీద, తన కంచెలో ఒక ప్రాణం పోయింది. ఊ తున్ పే, "తప్పు నాదే వదినా" అంటూ ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. కొక్కెం అక్కడ పెట్టి వెళ్లిపొమ్మంది. రెండు పిల్లల్నీ దోసిట్లోకి తీసుకుని ఇంట్లోకి పోయింది.

వెదురుబుట్టలో దూది పరిచి, పిల్లల్ని పెట్టి, బుద్ధుడి అరుగు పక్కన వేలాడదీసింది. కాకులకూ పిల్లికీ భయపడి బుట్ట మీద గుడ్డ కప్పింది. బయట గుంపు గుంపంతా మిగిలిన కంచె మీద కూర్చుని గంటలకొద్దీ అరుస్తూనే ఉంది. అవి తనను తిడుతున్నాయని ఆమె అనుకుంది. ఆ తిట్లు వినలేక తలుపు వేసేసింది.

మెత్తగా ఉడికిన అన్నం నలిపి, బెల్లపు నీళ్లలో కలిపి, వెదురు పుల్లతో పిల్లల నోళ్లలో పెట్టింది. సాయంత్రం నేను వెళ్లేసరికి అవి నోరు తెరవడం తగ్గించేశాయి. నాకు తెలిసింది చెప్పాను. పిట్ట పిల్లలు మెతుకులతో బతకవు, పురుగులు కావాలి. మిడతలైతే నా పాక వెనకాల ఎన్నైనా ఉన్నాయి.

"నా చేత్తో చంపలేను, సాన్ మే. నీకు తెలుసు కదా."

"నీ చెయ్యి ఎవరడిగారక్కా? నా చేతులు లేవూ? నేను దీక్షలో లేను, నేను నలిపి తెస్తా."

"నేను తెమ్మంటే నేను చంపినట్టే."

"తెమ్మనకు. నోరు మూసుకుని కూర్చో, అంతే."

"నువ్వు చేస్తావని తెలిసి నోరు మూసుకున్నా నేను చంపినట్టే. తల్లీ, నన్ను ఇరికించకు."

నాకు ఒళ్లు మండింది. నీ పుణ్యం నువ్వు కట్టుకో, ఆ పిల్లల చావు మాత్రం ఎవరి చిట్టాలో పడుతుందో చూసుకో అనేసి వచ్చాను. అనకుండా ఉండాల్సింది.

తెల్లారేసరికి వాటిలో ఒకటి చచ్చిపోయింది. ఆమె నన్ను పిలిచి అరచేతిలో చూపించింది. ఆ వయసు పిల్లకు చర్మం పల్చగా ఉంటుంది, లోపలిది కనిపిస్తుంది. మెడ కింద సంచిలో ముందురోజు పెట్టిన మెతుకులు తెల్లగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్క మెతుకూ అరగలేదు. కడుపునిండా అన్నం ఉండగానే అది ఆకలితో చచ్చిపోయింది. ఆమె ఆ మెతుకుల్నే చూస్తూ ఉంది. ఏడవలేదు.

"ముప్పై ఏళ్లుగా ఇదేనా నేను పెడుతున్నది?" అని అడిగింది. నన్ను కాదు.

ఇంకొకటి, వేలు వంగిన పిల్ల, ఇంకా ఊపిరి తీస్తోంది. దాన్ని చూస్తూ ఉండమని నాకు చెప్పి, తను విహారంలో పెద్ద భిక్షువు దగ్గరికి వెళ్లింది. వెళ్లేముందు గుమ్మంలో ఆగి నా వైపు తిరిగి, ఏమీ చెయ్యొద్దని చెప్పబోయిందో, చెయ్యమని చెప్పబోయిందో, రెండూ చెప్పకుండానే మెట్లు దిగిపోయింది.

ఆమె వీధి మలుపు తిరగగానే నేను పాక వెనక్కు పరుగెత్తాను. మూడు మిడతల్ని పట్టి, చంపడానికి చేతులు రాక, లుంగీ నడుం మడతలో బిగించుకుని వచ్చాను. నిన్న అంత మాట అన్నదాన్ని, తీరా మిడత కాళ్లు వేళ్ల మధ్య తన్నుకుంటుంటే నాకే గుండె చాల్లేదు. ముందు పిల్ల నోరు తెరవనీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను. బుట్ట మీది గుడ్డ తీశాను. నాలుక చప్పరించాను, ఊదాను, పుల్లతో ముక్కు తట్టాను. కళ్లు కూడా తెరవలేదు. ఇంట్లో చీకటిగా ఉందని తలుపు తీశాను.

బయట కంచె మీది నుంచి ఒక పిట్ట సన్నగా, వరసగా కూసింది. అంతే. చచ్చిపోతోందనుకున్న పిల్ల మెడ నిటారుగా లేచింది. నోరు ఎంత వెడల్పుగా తెరిచిందంటే ముఖంలో నోరు తప్ప ఏమీ లేదు. లోపలంతా పసుపుపచ్చ. నా వైపు కాదు, తలుపు వైపు తిరిగి తెరిచింది. కూత ఆగితే మూసింది. మళ్లీ కూస్తే మళ్లీ తెరిచింది. నేను తలుపు బార్లా తీసి బుట్ట ముందు కూర్చున్నాను. నిన్న పొద్దుటి నుంచీ ఆ పిట్టలు తిట్టడం లేదు. పిలుస్తున్నాయి. మేమే తలుపు వేశాం.

విహారంలో ఏం జరిగిందో ఆమె తర్వాత చెప్పింది. పెద్ద భిక్షువు అంతా విన్నాడట. పిట్టలకు శీలం నేర్పుతున్న సంగతి ఆయనకు ముందే తెలుసట, ఊళ్లో తెలియనిది ఎవరికి?

"శీలం అడిగినవాళ్లకే ఇస్తాం, దాయికా," అన్నాడట ఆయన. "నలభై ఏళ్లుగా ఇస్తున్నా. ఇంతవరకూ ఏ పిట్టా వచ్చి నన్ను అడగలేదు."

ఆమెకు కోపం వచ్చిందట. ప్రాణం పోతుంటే పరాచికాలేమిటని. కానీ దారి పొడుగునా ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉందట. అడగనివాళ్లకు శీలం ఇస్తానని కూర్చున్నది ఎవరు? దానికి ఏం కావాలో దాన్ని అడిగిందా తను?

ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి నేను లేచి నిలబడ్డాను, చెప్పాల్సింది గబగబా చెప్పేశాను. ఆ కంగారులో లుంగీ మడత వదులైంది. మూడు మిడతలూ ఆమె పాదాల ముందు పడి, గెంతుకుంటూ బుద్ధుడి అరుగు కిందికి పోయాయి. ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది.

"బతికే ఉన్నాయి కదే," అంది. "చేత కాలేదా?"

"చేత కాలేదక్కా."

ఆ రోజుల్లో ఆమె ముఖం మీద చూసిన మొదటి నవ్వు అది. నవ్వుతూనే బుట్టను దించి బయటికి నడిచింది. నా పాక పక్కన కూలకుండా మిగిలిన కంచె ఉంది కదా, దాని మధ్యలో, పిల్లి దూరలేని గుబురులో, చెయ్యంతా గీసుకుపోతున్నా లెక్కచెయ్యకుండా బుట్టను నిలబెట్టి తాటినారతో కట్టింది. గుడ్డ తీసేసింది. తర్వాత ఇద్దరం నా పాక నీడలోకి వచ్చి కూర్చున్నాం. ఆమె చేతికి అలవాటు గనక జపమాల తీసింది, కానీ పెదవులు కదపలేదు. గుంపు కోసం చూశాం.

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒకటి వచ్చి కంప చివర కూర్చుని, తోక కిందికి వేలాడేసి, అటూ ఇటూ చూసింది. దాని నోట్లో పచ్చటి గొంగళిపురుగు మెలికలు తిరుగుతోంది. అది కిందికి జారి బుట్ట అంచు మీదికి దిగింది. పసుపుపచ్చ నోరు లేచింది. పురుగు అందులోకి పోయింది.

పక్కనుంచి టక్కుమని చిన్న శబ్దం. ఆమె వేళ్లు ఒక పూసను జరిపాయి.

రెండో పిట్ట వచ్చింది, సాలీడుతో. మూడోది వచ్చింది. తల్లీ తండ్రీ అయితే రెండే ఉండాలి కదా. నాలుగోది, ఐదోది వచ్చాయి. గుంపులో ఆరు పిట్టలుంటే ఆరూ ఆ ఒక్క పిల్లకే తెస్తున్నాయి. ఒకటి పెట్టి లేస్తే ఇంకొకటి కంప మీద తన వంతుకు ఆగి ఉండేది. పోయినేడు పుట్టిన కుర్రపిట్ట ఒకటి, దాని కన్ను రంగును బట్టి అక్క గుర్తుపట్టింది, మిడతను తెచ్చింది. అలాగే నోట్లో కుక్కేస్తుందనుకున్నాను. కాదు. కొమ్మకేసి కొట్టి, ముళ్లున్న వెనక కాళ్లు రెండూ ఊడగొట్టి, మెత్తటి ఒంటిని మాత్రమే పిల్లకు పెట్టింది. నా పిల్లలకు చేప ముళ్లు నేను ఇంత శ్రద్ధగా తీసి ఉండను. పెట్టాక పిల్ల తోక ఎత్తి తెల్లటి చిన్న పొట్లంలా రెట్ట వేస్తే, దాన్ని కూడా నోట కరుచుకుని దూరంగా పారేసి వచ్చింది, బుట్ట మురికి కాకుండా.

టక్, టక్, టక్. బుద్ధుడి గుణాలు తలుచుకుంటూ తిప్పాల్సిన మాల మీద ఆమె ఆ పూట చావుల్ని లెక్కబెట్టింది. ఒక్కో పూస ఒక్కో ప్రాణం. ఎనిమిది శీలాల మనిషి, మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టని మనిషి, ఆ పిల్ల పొద్దుగూకేదాకా తింటూ ఉంటే రెప్ప వెయ్యకుండా చూసింది. ముఖం తిప్పుకోలేదు. నూటెనిమిది పూసల మాల ఒకటి పూర్తయి, రెండో మాలలో నలభై మూడో పూస దగ్గర వెలుతురు చాల్లేదు. ఒక్క పిల్లకు, ఒక్క పూటకు.

ఇంకొక సంగతి ఆ రోజే ఆమె కంట పడింది. రాయి మీద పొద్దున పరిచిన అన్నం పిచ్చుకలు తింటున్నాయి. ఆ పిచ్చుకలే తినడం ఆపి, నువ్వుచేలోకి పోయి, ఆకు అడుగు నుంచి పురుగును లాగి, ఆమె చూరులో ఉన్న గూటికి మోస్తున్నాయి. తమకు అన్నం, పిల్లలకు పురుగు. ముప్పై ఏళ్లుగా ఆ చూరు కింద పడుకుని, ఆ గూటి నుంచి పిల్లల కిచకిచలు వింటూ నిద్రలేచిన మనిషి. ఆ గూటిలోకి తన మెతుకు ఒక్కటి కూడా ఏనాడూ వెళ్లలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. బాధ పడుతుందనుకున్నాను. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఏదో పెద్ద గోపురం మెట్ల ముందు మొదటిసారి నిలబడినట్టు, తలెత్తి ఆ చూరునే చూస్తూ ఉండిపోయింది.

"ఎవరు చెప్పారే వీటికి?" అంది చివరికి. "తను తినేది వేరు, పిల్లకు పెట్టేది వేరని ఎవరు చెప్పారు?"

నేనూ తలెత్తి ఆ చూరు వైపు చూశాను.

తొమ్మిది రోజులు ఆ బుట్ట కంచెలోనే ఉంది. అన్నాళ్లూ కొత్త కంప మోపులు వీధిలోనే పడి ఉన్నాయి. సగం కంచె లేదు గనక మేకలు చేలోకి దూరాయి. ఊ తున్ పే వచ్చి మేక మేసిన నువ్వుమొక్కలు చూపించి గొణిగితే, పిల్ల ఎగిరేదాకా ఆ కంచెను ముట్టుకుంటే మరిది కాదు, పగవాడు అంది అక్క. మేకలు మేయగా మిగిలిన వరుసల్లో మాత్రం ఆ ఏడు చిల్లులు లేని ఆకులు చాలా ఉన్నాయని అతనే ఒప్పుకున్నాడు.

పదో రోజు పొద్దున పిల్ల బుట్ట అంచు ఎక్కి, కంప మీదికి దూకి, గుంపుతో పాటు పొదల్లోకి గెంతుకుంటూ పోయింది. ఎగిరిందనడానికి లేదు, దొర్లింది. అక్క వాకిట్లోకి వచ్చింది. తర్వాత ఇత్తడి గిన్నె తెచ్చి రాయి మీద అన్నం పరిచింది. ఉపదేశం మాత్రం చెయ్యలేదు. మొగుడి పేరు చెప్పి పుణ్యం పంచింది, నేను సాధు అన్నాను.

గుంపు మళ్లీ మా పెరళ్ల వైపు వచ్చేసరికి నెల దాటింది. దీక్ష సగం దాటింది. మబ్బులు పలచబడ్డాయి, నువ్వు కాయ ముదిరింది. ఆ పొద్దున ఎందుకో నేను పొయ్యి ముట్టించలేదు. ఇద్దరం తెల్లతుమ్మ కింద చాప వేసుకుని కూర్చుని, లఫెట్ అనే ఊరవేసిన టీ ఆకులో వేరుశనగ కలుపుకుని తింటూ టీ తాగుతున్నాం. తెల్లమెడ పిట్టలు ఒకటొకటిగా దిగాయి. వాటిలో ఒకదాని కాలివేలు పక్కకు వంగి ఉంది. ఇద్దరం ఒకేసారి చూశాం. ఆమె చేతిలోని కప్పు చాప మీద పెట్టేసింది.

అది ఇంకా అడుక్కునే వయసే. రెక్కలు వణికిస్తూ కుర్రపిట్ట వెంట పడింది. కుర్రపిట్ట పట్టించుకోకపోతే తనే రాయి దగ్గరికి వచ్చింది. రాయి మీద అన్నం ఉంది, తెల్లగా, అప్పుడే పరిచింది. ఒక మెతుకును ముక్కుతో తాకి వదిలేసింది. అన్నం మీదుగా నడిచి రాయి అవతలికి దిగింది. గడ్డిలో ఏదో కదిలింది. మెడ వంచి ఆగింది. ఒక్క గెంతు.

మిడత దాని నోట్లో ఉంది. పెద్దది, దాని తలంత ఉంది. ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు అలాగే నిలబడింది. తర్వాత రాయికేసి ఒకసారి కొట్టింది. జారింది, మళ్లీ పట్టుకుంది. మళ్లీ కొట్టింది. ఒక కాలు ఊడింది. రెండోది ఊడింది. మిడత కదలడం ఆగింది. తల వెనక్కు విరిచి మింగింది. మింగి, ముక్కును రాయికి అటూ ఇటూ తుడుచుకుంది.

నేను అక్క ముఖం వైపు చూశాను. దీక్షలో ఉన్న మనిషి ఎదుట, ఆమె అన్నం రాయికే కొట్టి, ఆ పిట్ట ఒక ప్రాణం తీసింది. ఆమె కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి. రెండు చేతులూ జోడించి, మెల్లగా, ఒక్కోటీ విడివిడిగా అంది.

"సాధు. సాధు. సాధు."

ముప్పై ఏళ్లలో ఆ పెరట్లో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. అంతవరకూ అది ఎప్పుడూ నా వంతే.